ముక్క పారేయడమే మహావిద్య

పేకాటలో ఇన్నాళ్లూ ఉన్న పెద్ద లోపం తీరిక. పనికిరాని ముక్కలు పడ్డవాడు వాటిని కింద పెట్టి, మిగిలినవారి పందెం తేలేదాకా ఊరికే కూర్చోవలసి వచ్చేది. ఆ వ్యవధిలో అతనికి ఇల్లు గుర్తుకు రావచ్చు, జేబు తడిమి చూసుకునే దురభ్యాసమూ పట్టుకోవచ్చు. ఈ ముప్పును 2010లో ఫుల్ టిల్ట్ అనే ఆన్‌లైన్ పోకర్ సంస్థ ‘రష్ పోకర్’ ప్రవేశపెట్టి నివారించింది. రెండేళ్లకు పోకర్‌స్టార్స్ అదే సేవను ‘జూమ్’ పేరుతో అందించింది.

కొత్త నియమం ఒక్కటే. టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో మాదిరే చేతికి రెండు ముక్కలు పడతాయి, నచ్చకపోతే, మీ వంతు రాకముందే ఫోల్డ్ (ముక్కలు పారేసి తప్పుకునే) మీట నొక్కవచ్చు, నొక్కిన మరుక్షణం మిమ్మల్ని ఆ బల్ల నుంచి లేపి, పెద్ద గుంపులోంచి ఏరిన కొత్త ముఖాల మధ్య (ముఖాలెక్కడివి, పేర్లే!) కూర్చోబెట్టి మరో రెండు ముక్కలు పంచుతారు. పాయింట్ల రమ్మీలో మొదటి డ్రాపుకే 20 పాయింట్లు సమర్పించుకునే మనవాళ్లకు, బ్లైండ్ (ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టే తప్పనిసరి పందెం) కట్టని వంతులో పైసా ఖర్చు లేకుండా తప్పుకోవచ్చునంటే ఇది ధర్మసత్రంలా తోచవచ్చు. అయితే బ్లైండ్ ఎగ్గొట్టి తిరగడం కుదరదు. ఎవరు కట్టి ఎక్కువ సేపయిందో కంప్యూటర్ లెక్క చూసి, ఆ వంతు వారికే అంటగడుతుంది.

ఇక వ్యూహం. రెండు ఆసులు సగటున 221 పంపకాలకు ఒకసారి పడతాయి. గంటకు 30 పంపకాలు సాగే మామూలు బల్ల దగ్గర వాటి కోసం ఏడు గంటలు తపస్సు చేయాలి. ఇక్కడ గంటకు 200 పైగా చేతులు పడతాయి కనుక దేవుడు గంటకోసారి కరుణిస్తాడు. కొత్తవాడు దీన్ని తన జాతకబలమనుకుంటాడు. అదే కరుణ ఎదుటివాడి మీదా గంటగంటకూ కురుస్తోందని అతనికి తట్టదు. అందుచేత ఇక్కడ ఎవరైనా పందెం పెంచితే, విసుగెత్తి పెంచాడని భ్రమపడరాదు. విసుగెత్తినవాడు ఎప్పుడో మరో బల్లకు వెళ్లిపోయాడు. మరోవైపు, బ్లైండ్ కట్టినవారి వేలు సైతం ఫోల్డ్ మీట మీదే ఉంటుంది కాబట్టి, డీలర్ స్థానంలో (బ్లైండ్లు కట్టేవారికి సరిగ్గా ముందు వంతులో) ఉన్నప్పుడు ఓ మోస్తరు ముక్కలతోనైనా పెంచి ఆ బ్లైండ్లు దోచుకోమని పండితులు సెలవిస్తారు. ఆ బ్లైండ్ కట్టినవాడు కూడా అదే పండితుణ్ణి చదివి తిరిగి పెంచాడా, మీ శాస్త్రాధ్యయనం అక్కడితో సమాప్తం.

నిర్వాహకుల ఔదార్యం కూడా ప్రస్తావించాలి. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరవకముందే ఆట ముగిస్తే సాధారణంగా వారు కమీషన్ తీసుకోరు. తెరిచిన ఆటలో మాత్రం కొద్దిగానే తీసుకుంటారు. గంటకు ఎన్ని ఆటలు తెరుచుకుంటాయన్నది మాత్రం వారు వేగంగా పరిష్కరించిన విషయం. ఒక రాత్రంతా పట్టే నష్టాన్ని కాఫీ చల్లారేలోపు పూర్తిచేసుకోగలగడం సాంకేతిక ప్రగతి కాక మరేమిటి?

అయితే ఫుల్ టిల్ట్ వేగానికీ ఒక మినహాయింపు ఉంది. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం ఈ వెబ్‌సైట్లపై కేసులు పెట్టాక, ఆటగాళ్లకు తిరిగి ఇవ్వవలసినంత సొమ్ము ఫుల్ టిల్ట్ దగ్గర లేదని తేలింది. చెడ్డ ముక్కలు పడితే ఒక్క క్షణం కూర్చోబెట్టని ఆ సంస్థ, సొంత డబ్బు అడిగిన అమెరికా ఆటగాళ్లను 2014 ఫిబ్రవరి దాకా కూర్చోబెట్టింది. అప్పుడైనా ఇచ్చింది తాను కాదు. ప్రభుత్వంతో రాజీపడి పోకర్‌స్టార్స్ కట్టిన సొమ్ములోంచి వారికి చెల్లింపులు మొదలయ్యాయి.