పెరటి పాలనలో పదిహేనో స్థానం

మా పెరట్లో ఇప్పుడు పద్నాలుగు కోళ్లున్నాయి. హోదాలో నేను పదిహేనోవాణ్ణి. వినయం కోసం చెబుతున్న మాట కాదిది. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవాలి, ఎవరు నోరెత్తకుండా పొడిపించుకోవాలి అనే వరస ఒకటి పక్కాగా ఉంటుందని నార్వేకి చెందిన షెల్డరుప్ ఎబ్బె అనే శాస్త్రవేత్త 1920ల మొదట్లోనే రాసిపెట్టాడు. ఆ వరసలో దాణా గిన్నె పట్టుకుని నిలబడే మనిషి స్థానమేమిటో నా పిక్కలు చూస్తే తెలిసిపోతుంది.

మొదట మూడే పెట్టలు, మూడు జాతులవి. ఒక లెగ్‌హార్న్, ఒక పోలిష్, ఒక సిల్కీ. వాటితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, నాకు నిద్రా ఉండేది. కానీ గుడ్ల రంగుల గురించి చదవడం మొదలుపెట్టాను. లెగ్‌హార్న్‌ది తెల్ల గుడ్డు, రోడ్ ఐలాండ్ రెడ్‌ది గోధుమ రంగు, మారన్స్‌ది చాక్లెట్ రంగు, అరౌకానాది నీలం. నీలం గుడ్డు పెంకు లోపల కూడా నీలమేనట, గోధుమ గుడ్డుది మాత్రం పైపూతేనట. ఈ తేడా తెలిసిన రోజు నుంచి నేను మామూలు మనుషులతో మాట్లాడటం తగ్గించేశాను, వాళ్లు అంతకంటే ముందే తగ్గించేశారు. జాతుల పరిరక్షణ అనే బరువైన బాధ్యత నెత్తికెత్తుకుని ముప్ఫై ఒక్క గుడ్లు, ఒక ఇంక్యుబేటర్ తెప్పించాను. ట్రేలో ఇరవై నాలుగే పట్టాయి. మిగిలిన ఏడింటినీ షెడ్డు మూల ఒక పాత గంపలో పడేశాను.

ఆ ఇరవై ఒక్క రోజులు నేను పడ్డ టెన్షన్ చూస్తే గుడ్లు నేనే పెట్టాననుకుంటారు. వేడి 37.5 డిగ్రీలుండాలి. 38 దాటితే నా గుండె, 37కి పడితే నా మొహం, ఈ రెండూ ఆ మీటరుకే కట్టేసి ఉండేవి. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ గుర్తు, ఇంకో పక్క సున్నా. రోజుకు మూడు సార్లో అయిదు సార్లో తిప్పాలి, ఆ లెక్క బేసిగానే ఉండాలి, లేకపోతే పొడుగాటి రాత్రంతా రోజూ ఒకే పక్క మీద పడుకుంటుంది. ఏడో రోజు గదిలో లైట్లన్నీ ఆర్పి టార్చి పెట్టి చూస్తే ఒక గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలాగా ఎర్రటి నరాలు. ఇంట్లో అందర్నీ లేపాను. రాత్రి రెండయింది, ఆ సంగతి తర్వాత వాళ్లే చెప్పారు. ఏ నరమూ లేకుండా ఖాళీగా మెరిసినవాటిని మాత్రం "కాస్త నెమ్మది రకం" అని రిజిస్టర్లో రాసుకున్నాను. పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం ఆపాలి, తేమ పెంచాలి, మూత తెరవకూడదు. తెరవలేదు. మూత మీద ముక్కు ఆనించి మూడు రోజులు గడిపాను. ఇరవై నాలుగింటికి అయిదు పిల్లలు వచ్చాయి.

ఈలోగా సిల్కీ గారు. ఈమెను నేను అలంకార విభాగంలో వేసి ఉంచాను. ఈకలు దూదిలా ఉంటాయి, ఎగరలేదు, చర్మం నలుపు, మామూలు కోడికి నాలుగు వేళ్లుంటే ఈమెకు అయిదు. అంతకు మించి అర్హతలేవీ కనిపించలేదు. గంపలో పడేసిన ఆ ఏడు గుడ్ల మీద ఎప్పుడెక్కి కూర్చుందో ఎవరూ చూడలేదు. థర్మామీటరు లేదు, రిజిస్టరు లేదు. రోజుకోసారి లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, మట్టిలో రెండు పొర్లు పొర్లి మళ్లీ ఎక్కి కూర్చునేది. ఏడింటికి ఆరు పొదిగింది. ఇంక్యుబేటర్ వైపు ఒక చూపు కూడా చూడలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ ఆరింటిలో ఒకటి బ్రహ్మా జాతి. రెండు నెలలకే తల్లిని మించిపోయింది, కాళ్లకు కూడా ఈకలే. అయినా పొద్దుపోతే వచ్చి తల మాత్రం సిల్కీ రెక్క కింద దూర్చి, మిగతా శరీరమంతా బయట పెట్టుకుని నిద్రపోతుంది. సిల్కీ కాస్త గాల్లోకి లేచినట్టుగా కూర్చుంటుంది. లెగ్‌హార్న్ ఇవేవీ పట్టించుకోదు. ఏడాదికి 280కి పైగా గుడ్లు పెట్టే జాతి, పొదగమంటే మాత్రం అది తన ఉద్యోగ నిబంధనల్లో లేదన్నట్టు పోతుంది. పోలిష్‌కు తలమీది కుచ్చు కళ్లలో పడి ముందున్నది కనపడదు, అందుకని తన నీడకే ఉలిక్కిపడుతుంది. కోళ్లలో అందరికంటే కింది స్థానం దానిదే. నన్ను మాత్రం గురి తప్పకుండా పొడుస్తుంది.

పిల్లలన్నింటికీ ఆడ పేర్లే పెట్టాను. సూదికి దారం కట్టి గుడ్డు మీద ఊపితే ఆడో మగో తెలుస్తుందని ఒకాయన చెప్పాడు, కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుకీ చారల ప్లిమత్ రాక్ పెట్టకీ పుట్టినవైతే మగపిల్లల నెత్తి మీద తెల్ల మచ్చ ఉంటుంది, పుట్టగానే చెప్పేయొచ్చు. నావి అలాంటివి కావు. కొన్ని వారాలకు సరోజ తురాయి ఎర్రబడింది. ఆ తర్వాత ఒక రోజు చీకటితోనే సరోజ కూసింది. పదకొండింటిలో ఆరు పుంజులని తేలింది.

నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లారదనుకునేవాళ్లను వెక్కిరిస్తాం కదా, కోడి పక్షాన కొంత న్యాయముంది. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలిస్తే, వెలుగు కనిపించకపోయినా కోడి లోపలి గడియారమే దాని చేత కూయిస్తుందని తేలింది. 2015లో ఇంకో సంగతి చెప్పారు: వరసలో పైనున్న పుంజే మొదట కూస్తుంది, మిగతావి దాని తర్వాత హోదా ప్రకారం అందుకుంటాయి. మా ఇంట్లో మొదట సరోజ, తర్వాత లక్ష్మి, ఆ తర్వాత మిగతా నలుగురు అమ్మాయిలు. అందరి తర్వాత దుప్పటి తీసి నేను.

నిన్న సిల్కీ మళ్లీ పొదుగుకి కూర్చుంది. రాత్రి చీకటి పడ్డాక తొమ్మిది మారన్స్ గుడ్లు తీసుకెళ్లి, దరఖాస్తు పెట్టుకున్నట్టు ఒక్కొక్కటే గంపలో పెట్టాను. మణికట్టు మీద ఒక పోటు పొడిచి, ముక్కుతో ఒక్కొక్కదాన్నీ కడుపు కిందకు లాక్కుంది. ఇంటూలూ సున్నాలూ మాత్రం ముందే వేసి ఇచ్చాను, ఆవిడకి తిప్పుకోడానికి వీలుగా ఉంటుందని.