ముందే హెచ్చరించాం అంటే ఎవరిని?

మళ్లీ బంగాళాఖాతంలో అల్పపీడనం, మళ్లీ ‘ఉత్తర కోస్తాలో అక్కడక్కడా భారీ వర్షాలు’. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం మూడు జిల్లాలకూ కలిపి ఒకే మెసేజ్. ఇచ్ఛాపురంలో బాహుదా ఒడ్డున ఉన్నవాళ్లకీ అదే, పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలో వల బాగుచేసుకుంటున్నవాళ్లకీ అదే, గుమ్మలక్ష్మీపురం కొండమీద సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడే కుర్రాడికీ అదే, అది కూడా అతని ఫోన్‌కి చేరితే. యంత్రాంగం అప్రమత్తంగా ఉందన్న ప్రకటన కూడా వచ్చేసింది. రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఏం చెబుతారో మాకు ఇప్పుడే తెలుసు. ముందే హెచ్చరించాం అంటారు.

మాకు భయం వానంటే కాదు, ఈ మాటంటే. వానకు ఈ నేల కొత్త కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్, ఈ తుపాన్ల పేర్లు ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. కానీ ఏటేటా ఒక అలవాటు ముదిరిపోతోంది. హెచ్చరిక అనేది మనిషిని కాపాడడానికి కాకుండా, తర్వాత చూపించుకోవడానికి దాచుకునే రసీదులా తయారైంది. మెసేజ్ పంపేశాక బాధ్యత పంపినవాళ్ల దగ్గర ఉండదు, అందుకున్నవాళ్ల నెత్తికెక్కుతుంది. గెడ్డ (కొండవాగు) దాటుతూ కొట్టుకుపోతే తప్పు దాటినవాడిది, చేపల వేటకెళ్లి తిరిగిరాకపోతే తప్పు వెళ్లినవాడిది.

వాతావరణ అంచనాలు మునుపటికంటే చాలా మెరుగయ్యాయని, ప్రతి ఊరికీ విడిగా జోస్యం చెప్పడం ఎవరివల్లా కాదని అధికారులు అంటారు. నిజమే, 1977 దివిసీమ ఉప్పెనలా వేల ప్రాణాలు ఇప్పుడు పోవడం లేదు, అందుకు వాతావరణ శాఖకు దణ్ణం పెట్టాల్సిందే. మా గొడవ ఆ శాస్త్రంతో కాదు. ఆ అంచనా జిల్లా కేంద్రానికి వచ్చాక, అక్కడి నుంచి కొండకీ తీరానికీ వెళ్లాల్సిన దారిలో ఎక్కడ ఆగిపోతోందన్నదే మా ప్రశ్న.

ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ కొలత అందరికీ ఒకటే, ఆ వాన చేసే పని మాత్రం చోటుకో తీరు. వంద మిల్లీమీటర్లు శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఇసుక నేలలో పడితే చాలావరకు ఇంకిపోతుంది. అదే వాన సీతంపేట, కురుపాం, కొమరాడ కొండల్లో పడితే గంటల్లో గెడ్డ పొంగుతుంది. ఆ గెడ్డ అవతలే సంత, అవతలే రేషన్, అవతలే ఆస్పత్రి. డోలీలో గర్భిణిని మోసుకొస్తున్నవాళ్లకి ఆరెంజ్ అలర్ట్ అంటే ఏమిటో, ఆ రోజు ఏ గెడ్డ దాటకూడదో చెప్పేదెవరు? అదే వంద మిల్లీమీటర్లు నవంబర్‌లో నరసన్నపేట, ఆమదాలవలస పల్లపు పొలాల్లో కోసి పరిచిన వరి పనల మీద పడితే గింజ మొలకెత్తిపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలు. రైతుకు కావాల్సింది ‘అక్కడక్కడా’ కాదు, రేపు కొయ్యాలా, మూడు రోజులు ఆగాలా అన్నది. ఆ సలహా ఇవ్వడానికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో నడిచిన జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లను 2024లో కేంద్రం దేశమంతటా ఆపేసింది. చెప్పే నోళ్లు తగ్గించి, ముందే చెప్పాం అనడం ఏం న్యాయం?

ఇక తిత్లీ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఒక కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఉద్దానంలో పిల్లవాడిని అడిగినా చెబుతాడు. హెచ్చరిక సరిగ్గానే వచ్చింది, ప్రాణాలు చాలావరకు దక్కాయి, కానీ చెట్టును ఎత్తుకుని పునరావాస కేంద్రానికి పోలేం కదా. అసలు సంగతి ఆ తర్వాతే జరిగింది. తీరం దాటింది అనగానే అందరి టెన్షన్ దిగిపోయింది, కెమెరాలన్నీ తీరంలోనే ఉండిపోయాయి, వాన మాత్రం కొండెక్కింది. పక్కనే ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి, గుహలో తలదాచుకున్న మనుషులు చనిపోయారు. ఆ కొండల నీళ్లే వంశధారలోకి దిగి మన ఊళ్ల మీద పడ్డాయి.

వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టిన నదులే. మనకు ఎండ కాస్తున్నా పైన గుణుపురం, కాశీనగర్ వైపు కుండపోత కురిస్తే హిరమండలం గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తాల్సిందే, నాగావళి వైపు తోటపల్లి బ్యారేజీదీ అదే కథ. అంటే ఈ ప్రాంతానికి వాతావరణ సూచన అంటే మన ఆకాశం ఒక్కటే కాదు, ఎగువ రాష్ట్రపు కొండలు కూడా. కాశీనగర్ దగ్గర వంశధార మట్టం గంటగంటకీ ఎంత పెరుగుతోందో, ఆ నీరు తమ ఊరికి ఎన్నింటికి చేరుతుందో జలుమూరు, పోలాకి మండలాల్లో నది ఒడ్డున ఉన్నవాళ్లకి వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ‘లోతట్టు ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని పడేస్తే ఎవరి లోతు ఎంతో ఎవరికి తెలుసు?

తీరం సంగతి ఇంకో రకం. శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు, విజయనగరానిది 28. చాలాచోట్ల పడవను ఇసుకలోకి లాక్కోవడమే తప్ప వేరే ఆసరా లేదు. వేటకు వెళ్లొద్దు అని చెప్పడం తేలిక. వేట నిషేధం 61 రోజులకు భృతి ఉంది, అల్పపీడనం పేరుతో వారం రోజులు ఆగిపోతే ఆ లెక్కలోకి రాదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే కొందరు వెళ్తారు, వెళ్లినవాళ్లని నిర్లక్ష్యపరులు అంటాం. గులాబ్ రోజు తిరిగొస్తున్న మన మత్స్యకారుల పడవ సముద్రంలో చిక్కుకుని ప్రాణాలు పోయాయి, ఇంకా మరిచిపోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో జవాద్ తుపాను వస్తోందని వేల మందిని తరలించారు, అది తీరానికి రాకముందే బలహీనపడింది. తరలించడం తప్పని మేము ఎన్నడూ అనం. కానీ మూడు జిల్లాలకు ఒకే గాటన భయం చెబుతూ పోతే, నాలుగోసారి వినేవాళ్లు ఉండరు. అప్పుడు కూడా తప్పు విననివాళ్లదే అంటారు, రాసి పెట్టుకోండి.

ఓడలు రావడం ఎప్పుడో మానేసిన కళింగపట్నం రేవుకి పద్ధతి ప్రకారం ప్రమాద హెచ్చరిక నంబరు ఎగురుతుంది, ఎగరాలి కూడా. మనుషులున్న పాచిపెంట, భామిని కొండలకు అలాంటి నంబరేదీ లేదు. గిడుగు రామమూర్తి పంతులు తొంభై ఏళ్ల కిందటే ఇక్కడి గిరిజనుల సవర భాషకు నిఘంటువు తయారుచేసిన నేల ఇది, పిడుగు మెసేజ్ మాత్రం తెలుగులోనే వస్తుంది. మేకల వెనక కొండెక్కిన సవర ముసలాయన దాన్ని చదువుకుని చెట్టు కింద నుంచి పక్కకు జరగాలన్నమాట. ఇది హెచ్చరించడం కాదు, చేతులు దులుపుకోవడం.

ఈ రాత్రికి చేయగలిగినవే ఉన్నాయి. గూడెం గూడేనికీ ఒక ఆశా కార్యకర్తో, సచివాలయ ఉద్యోగో, ఎవరో ఒకరి పేరు రాసి, వాళ్లు వెళ్లి సవరలో, మరో గిరిజన భాష కువిలో నోటితో చెప్పారో లేదో కలెక్టర్లు కనుక్కోవాలి. దాటకూడని గెడ్డలేవో ఈ పూటే బోర్డు పెట్టాలి, మనిషిని నిలబెట్టాలి. తీరం దాటాక రెండు రోజులు కంట్రోల్ రూమ్ లైట్లు ఆర్పకూడదు. వీటికి కొత్త రాడార్లు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు, కుర్చీలోంచి లేస్తే చాలు. కలెక్టరేట్ నుంచి కొండ దూరమే కావచ్చు, అయ్యా, మీ జీతాలు ఆ కొండవాళ్ల పేరు మీద కూడా వస్తున్నాయి. ఇవేవీ చేయకుండా ఎల్లుండి మైకు ముందుకొచ్చి ముందే హెచ్చరించాం అంటే, ఎవరిని, ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు, ఎవరి నోటితో అని ఈ పత్రిక అడుగుతుంది. మీ జవాబు మొదటి పేజీలో అచ్చువేస్తాం. జవాబు లేకపోతే ఆ జాగా ఖాళీగానే అచ్చువేస్తాం.