పిల్లల్ని పంపుతాం సరే, ఒక్కరినైనా ఉంచుకుంటామా?

మన పిల్లలు వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉండి చదువుకోవడం, అక్కడి పిల్లలు ఇక్కడికొచ్చి మన ఇళ్లలో ఉండడం, ఇదే ఎక్స్ఛేంజ్ స్టూడెంట్ ప్రోగ్రాం. మన వైజాగ్‌లో దీని మాట ఎత్తితే చాలు, "మా వాడికి అవకాశం ఉంటుందా?" అని అడుగుతారు. తర్వాత "తిండికి ఇబ్బంది పడడు కదా?" ఆ తర్వాత "వాళ్లింట్లో ఉంచుకున్నందుకు నెలకి ఎంత కట్టాలి?" మూడూ న్యాయమైన ప్రశ్నలే. కానీ అక్కడి నుంచి మన ఊరికి వచ్చే పిల్లలు ఎవరింట్లో ఉంటారని అడిగినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పదహారేళ్ల వయసులో నేను అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో, ఒక కుటుంబంతో విద్యా సంవత్సరమంతా ఉన్నాను. వాళ్లు పైసా తీసుకోలేదు. జే-1 వీసా, అంటే ఎక్స్ఛేంజ్ మీద వచ్చేవాళ్లకి అమెరికా ఇచ్చే వీసా మీద హైస్కూలుకి వెళ్లే పిల్లల్ని ఉంచుకునే కుటుంబాలకి అక్కడ డబ్బు ఇవ్వరు. మహా అయితే పన్ను లెక్కల్లో నెలకి 50 డాలర్ల వరకు మినహాయింపు చూపించుకోవచ్చు, అంతే. నేను వెళ్లకముందే ఆ ఇంట్లో 18 నిండిన ప్రతి ఒక్కరికీ నేర చరిత్ర ఏమైనా ఉందా అని విచారించారు. ఎవరో వచ్చి గదులు చూసి ఫొటోలు తీసుకెళ్లారు. ఆపైన ప్రోగ్రాం తరఫున చూసుకునే కోఆర్డినేటర్ నెలనెలా నాతో, వాళ్లతో మాట్లాడేవారు. ఇవన్నీ ఒప్పుకుని, ముక్కూమొహం తెలియని పిల్లని ఇంట్లోకి తెచ్చుకున్నారు వాళ్లు. ఉన్నవాళ్లేం కాదు. ఆవిడ స్కూలు బస్సు నడిపేది, ఆయన వర్క్‌షాపులో మెకానిక్.

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉండేది. ఎవరు ఏ రోజు ఏ పని చేయాలో అందులో రాసి ఉండేది. వాళ్ల పిల్లలిద్దరి పేర్ల కింద నా పేరు. గురువారం చెత్త డబ్బా రోడ్డు మీదకి లాగడం, రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు కడిగి ఆరబెట్టడం నా వంతు. ఫోన్లో ఈ సంగతి చెబితే మా అమ్మ ఏడ్చింది. "నా పిల్ల చేత అంట్లు తోమిస్తున్నారా?" అని. నాకు మాత్రం ఆ కాగితం మీద నా పేరు చూసిన రోజే ఆ ఇంట్లో స్థిమితం కుదిరింది. చుట్టాలకి ఎవరూ పనులు చెప్పరు కదా.

నేను గొడ్డు మాంసం తిననని తెలిసి ఆవిడ నా కోసం విడిగా ఒక పెనం కొంది. పొరపాటున ఎవరూ అందులో వండేయకుండా దాని పిడికి ఎర్ర దారం చుట్టి, పొయ్యి పక్కనే మేకుకి తగిలించింది. ఎవరూ చెప్పలేదు ఆవిడకి. నేనైతే అడగనే లేదు.

ఇప్పుడు మన సంగతికి రండి. పోయిన ఏడాది యూరప్ నుంచి వచ్చే ఒక అమ్మాయి కోసం ఇల్లు వెతికే పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను. ఎంవీపీ కాలనీలో ఒక పెద్ద ఇల్లు. పైన మూడు గదులు, మూడింటికీ ఏసీలు. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో. "పిల్లలొస్తే దిగడానికి ఉంచాం అమ్మా" అన్నారు. వాళ్లొచ్చేది రెండేళ్లకోసారి. ఇంకో ఇంట్లో "మా అమ్మాయి ఇంటర్, ఎంసెట్ ఉంది, డిస్టర్బ్ అవుతుంది" అన్నారు. మరో చోట అమ్మాయైతే బాధ్యత, అబ్బాయైతే ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది అన్నారు. అంటే ఎవరొచ్చినా కుదరదనేగా! సీతమ్మధారలో ఒకాయన అన్నీ ఒప్పుకుని, ఇల్లు చూడ్డానికి వస్తామనేసరికి భగ్గుమన్నారు. "మా ఇంటికొచ్చి మమ్మల్నే ఇంటర్వ్యూ చేస్తారా? మా కుటుంబం సంగతి ఊరంతా తెలుసు" అని. అయ్యా, మీ కుటుంబం సంగతి ఊరికి తెలుసు గానీ ఆ పిల్ల తల్లికి తెలీదు కదా. రేపు మీ మనవరాలిని ఇలాగే ఎవరింటికో పంపాల్సొస్తే, చూడకుండా పంపుతారా?

అద్దె ఇళ్లలో ఉండి ఓనర్ ఒప్పుకోడని చెప్పినవాళ్లని నేనేమీ అనను. నేవీ క్వార్టర్స్ వాళ్లని అడగనే అడగం, వాళ్ల నిబంధనలు వాళ్లకుంటాయి. నా బాధల్లా గదులు ఖాళీగా పెట్టుకున్నవాళ్లతోనే.

భయాలన్నీ ఉత్తివని కూడా అనను. విదేశీయులెవరైనా మన ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. "పోలీసుల గొడవ మనకెందుకు" అని దీని పేరు చెప్పి తప్పుకున్నవాళ్లున్నారు. ఫారం నింపడమే, గొడవేం లేదు, ఎలాగో పక్కన కూర్చుని చూపిస్తాం. అంతకంటే అసలైన భయం సముద్రం. వేరే దేశం పిల్లలకి ఆర్కే బీచ్ చూస్తే దిగి ఈత కొట్టాలనిపిస్తుంది. అక్కడ, యారాడలో ఎంతమంది కుర్రాళ్లు కొట్టుకుపోయారో మనకి తెలుసు, వాళ్లకి తెలీదు. మోకాలి లోతు దాటి వెళ్లొద్దని కన్నబిడ్డకి చెప్పినంత గట్టిగా చెప్పేవాళ్లు ఇంట్లో ఉండాలి. అందుకే హాస్టల్ కాదు, ఇల్లు కావాలంటున్నాం.

ఇది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం. ఏఎఫ్‌ఎస్ అనే సంస్థ 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్లని మోసిన అంబులెన్స్ వాలంటీర్లతో మొదలైంది. రెండో యుద్ధం కూడా చూశాక ఆ డ్రైవర్లే 1947లో పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశంలోని ఇళ్లకి పంపడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్న దేశాల పిల్లలు ఒకే బల్ల దగ్గర అన్నం తినాలని వాళ్ల తపన. రోటరీ క్లబ్బుల ఎక్స్ఛేంజ్‌లోనూ మామూలుగా ఒక పిల్లని పంపిన ఊరు ఒక పిల్లకి ఇల్లు చూపించాలి. మనం పంపడానికి క్యూ కట్టి, ఉంచుకోవడానికి తలుపులేసుకుంటే, ఆ భారమంతా ఎక్కడో అయోవాలో బస్సు నడుపుకునే ఆవిడ మీదే పడుతుంది.

మనకి చేతకాదని నేను నమ్మను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊరు ఎలా ఉందో మర్చిపోయామా? కరెంటు లేదు, నీళ్లు లేవు. మా మేడ మీదకి పక్క రేకుల ఇళ్లవాళ్లంతా వచ్చేశారు. ఎవరు ఏ కులమో, ఏం తింటారో ఎవరూ అడగలేదు. పోర్టు, స్టీల్ ప్లాంటు, నేవీ పుణ్యమా అని ఒడియావాళ్లు, బెంగాలీలు, మలయాళీలు వచ్చి స్థిరపడ్డ ఊరు ఇది.

ఆఖరికి ఆ అమ్మాయిని ఉంచుకున్నది కంచరపాలెంలో టిఫిన్ బండి నడిపే భార్యాభర్తలు. సొంత ఇల్లే గానీ రెండే గదులు. తొమ్మిదో తరగతి చదువుతున్న వాళ్లమ్మాయి గదిలో ఇంకో మంచం వేసి, మధ్యలో తన చదువుకునే బల్ల పెట్టారు. నేను చూడ్డానికి వెళ్లిన సాయంత్రం ఆ పిల్ల పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది, ఆవిడ "సన్నగా తల్లీ, ఇంకా సన్నగా" అని చేత్తో చూపిస్తోంది. ఆలస్యంగా వస్తే తిట్టారు కూడా. ఆ తిట్లు ఆ పిల్ల నాకు గర్వంగా చెప్పుకుంది.

ఈ ఏడాది వచ్చే పిల్లలకి ఇంకా ఇళ్లు దొరకలేదు. ఒక మంచం, చదువుకోవడానికి కాస్త చోటు, మీరు తినేదే తిండి. ఇల్లు చూడ్డానికి వస్తాం, ప్రశ్నలు అడుగుతాం, కోపగించుకోకండి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, సీతమ్మధార, గాజువాక, ఎక్కడైనా సరే. ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టండి, ఈ ఆదివారమే వస్తాను.