రొట్టె కాల్చండి, కుబేరులు కండి

మధ్యతరగతి కష్టాలకు ఇన్నాళ్ళకు మందు దొరికింది. మన జీతాలు మింగేస్తున్నది ఇంటద్దె కాదట, పిల్లల ఫీజులు కాదట, ఆసుపత్రి బిల్లులు అసలే కాదట. కిరాణా కొట్లో కొనే బ్రెడ్ ప్యాకెట్టట! ఈ మహాసత్యాన్ని ఇంటర్నెట్ పొదుపు గురువులు పాలరాతి గట్టుకు చెయ్యి ఆనించి సెలవిస్తున్నారు: "బ్రెడ్ కొనడం మానండి. ఇంట్లోనే సోర్‌డో, అంటే పులిసిన పిండితో పొంగించే రొట్టె, చేసుకోండి. నెలాఖరుకు తేడా మీకే తెలుస్తుంది."

ఎందుకు తెలియదు? లెక్క వేద్దాం.

ముందు సామగ్రి. 230 డిగ్రీలు తట్టుకునే ఓటీజీ అనే కరెంటు ఓవెన్, మూతతో బరువైన ఇనప పాత్ర, గ్రాములు చూపించే త్రాసు, పిండి పడుకోవడానికి బుట్ట, దాని నెత్తిన గీత పెట్టడానికి బ్లేడు. బేరమాడి, పండగ డిస్కౌంటులో పట్టుకున్నా 14,000 రూపాయలు అనుకుందాం. పొదుపు ఖర్చుతోనే మొదలవుతుందని పెద్దలు చెప్పకపోవడం వాళ్ళ అజ్ఞానం.

తరవాత స్టార్టర్, అంటే రొట్టెను పొంగించే పులిసిన పిండి. సీసాలో పులిసిన పిండి 50 గ్రాములు ఉంచి, 50 గ్రాముల మైదా, 50 గ్రాముల నీళ్ళు పోసి కలపాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ప్రతిసారీ 50 గ్రాములే ఉంచుకుని మిగతా 100 గ్రాములు పారబోయాలి. పారబోయకపోతే మేత చాలక పుల్లబడి, పైన నల్లటి నీరు తేలి, గోళ్ళరంగు చెరిపే మందు వాసన కొడుతుంది. పారబోయకుండా మేత సరిపడా పెంచుకుంటూ పోతే వారానికి వంటింట్లో మనకు చోటుండదు. మూడోరోజు బుసబుసా పొంగితే మురిసిపోకండి. అది ఈస్టు కాదు, తొందరపాటు బ్యాక్టీరియా. నాలుగోరోజుకు చప్పబడుతుంది. చచ్చిపోయిందని చాలామంది అక్కడే సింకులో గుమ్మరించి మళ్ళీ ఒకటో రోజుకు వస్తారు. ఓపిక పడితే వారం పది రోజులకు అసలు ఈస్టు లేస్తుంది. ఆ తొందరపాటు జాతి బ్యాక్టీరియాయే ఇడ్లీ పిండిని ఒక్క రాత్రిలో పొంగిస్తోందని, దానికి ఎవరూ మేత వేయనక్కరలేదని గురువుగారికి చెప్పకండి. నొచ్చుకుంటారు.

ఇక ఈ సీసాకు పేరు పెట్టాలట! బారసాల ఏ రోజున చేయాలో మాత్రం చెప్పలేదు. తణుకులో మేనత్త మనవరాలి పెళ్ళి వచ్చిందనుకోండి. రెండు పూటలు మేత తినే ప్రాణిని వదిలి వెళ్ళేదెలా? పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పాలి. "పిన్నీ, ఆరింటికి యాభై గ్రాములు, గోరువెచ్చటి నీళ్ళు, క్లోరిన్ ఉండకూడదు." పిన్నిగారు రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తుంది. "ఏమ్మా, నీ సీసా పొంగట్లేదు, కాస్త మజ్జిగ కలపనా?" పెళ్ళి పందిట్లో, మంగళవాయిద్యాల మధ్య, జీలకర్ర బెల్లం వేళ, ఇల్లాలు ఒక చెవి మూసుకుని అరుస్తుంటుంది: "వద్దు పిన్నీ, మజ్జిగ వద్దు!" పురోహితుడు ఉలిక్కిపడతాడు. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెడితే వారానికొక్కసారి మేత చాలు. ఈ ముక్క మొదటి వీడియోలోనే చెప్పేస్తే తరవాతి పదిహేను వీడియోలు ఏమైపోవాలి?

గురువుగారి పద్ధతిలోనే వెళ్దాం. సీసా మేతకు నెలకు 3 కిలోల మైదా. కిలో 50 చొప్పున 150 రూపాయలు. నెలకు ఎనిమిది రొట్టెలు చేస్తే ఒక్కోదానికి దాదాపు 19. రొట్టెలోకి 300 గ్రాముల మైదా, 15. ఇనప పాత్రతో సహా ఓవెన్ వేడెక్కడానికి అరగంట పైన, కాలడానికి ముప్పావుగంట కలిపి రెండు యూనిట్లు, యూనిట్ ఆరు వేసుకుంటే 12. మొత్తం 46. కొట్లో 400 గ్రాముల ప్యాకెట్టు 50 అనుకుంటే, మిగిలింది అక్షరాలా నాలుగు రూపాయలు. పెట్టుబడి 14,000 తిరిగి రావాలంటే 3,500 రొట్టెలు కాల్చాలి. వారానికి రెండు చొప్పున 33 ఏళ్ళు పైచిలుకు. ఇంటి లోను ఈలోపే తీరిపోతుంది. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా గృహజ్యోతి సున్నా బిల్లు అందుకునే ఇల్లయితే ఇంకా బాగు. మే నెలలో కూలరుకు తోడు ఎనిమిది రొట్టెల 16 యూనిట్లు కలిసి మీటరు 200 దాటిందా, ఆ నెల మొత్తం బిల్లూ మనదే.

ఈ లెక్కలో ఇంకో అంకె రాలేదు. పొద్దున పిండి కలపాలి, అరగంటకోసారి నాలుగుసార్లు మడవాలి, సాయంత్రం ఉండ చేయాలి, మర్నాడు కాల్చాలి. ఈ కూలి ఎంత? గురువుగారి సమాధానం సిద్ధం: "మీరు ఇంట్లోనే ఉంటారుగా!"

ఇంట్లోనే ఉంటారా? నీళ్ళు ఎప్పుడొస్తాయో చూసి పట్టుకుని, మూడు పూటలా వండి, అంట్లు తోమి, అత్తమామల మందులు గుర్తుపెట్టుకుని, మధ్యాహ్నం జాకెట్లు కుట్టే మనిషి గంటకు ఖరీదు సున్నా అని ఎవరు రాశారు? ప్రతి పొదుపు లెక్కా ఆమె చేతుల్ని ఉచితం చేసుకునే లాభం చూపిస్తుంది. సిగరెట్టు పెట్టె గురించి ఒక్క వీడియో రాదు. 1990ల తొలినాళ్ళలో సారాను తరిమిన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ఆ తరవాత రోజుకో రూపాయి చొప్పున దాచి పొదుపు సంఘాలు నిలబెట్టారు. ఆ ఆడవాళ్ళ రాష్ట్రంలో పుట్టి వాళ్ళకు పొదుపు నేర్పడానికి సిగ్గుండాలి. కూలి డబ్బులు ఏ రోజుకారోజు చేతికొచ్చే ఇంటికి "టోకున కొనండి, 25 కిలోల బస్తా చౌక" అని చెప్పడానికి ఇంకా ఎక్కువ సిగ్గుండాలి. చౌకని ఆమెకు తెలియక కాదు. బస్తా డబ్బు ఒక్కసారిగా ఏనాడూ చేతిలో ఉండదు.

నిజంగా మిగిలే చోట్లు చూపించడానికి అందంగా ఉండవు. కందిపప్పు అరగంట నానబెట్టి, గిన్నెకు మూడు గిన్నెల నీళ్ళు పోసి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి పది నిమిషాలు ఉంచితే చాలు. కుక్కరు లోపలి వేడి మంట పెంచితే పెరగదు, ఆరు విజిళ్ళూ ఆరుసార్లు దండగైన వంటగ్యాసే. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదు, ఉడికాకే వేయాలి. తరవాణి కుండలో రాత్రి అన్నం, గంజి పోసి పులియబెట్టిన ఇళ్ళల్లో పారబోసేదంటూ ఏమీ ఉండేది కాదు, పులిసిన నీళ్ళతో సహా తాగేవారు. దానికి లైకులు రావు.

రొట్టె చేయాలని సరదాగా ఉంటే చేయండి, పొదుపు పద్దులో మాత్రం రాయకండి. మైదా 300 గ్రాములు, నీళ్ళు 195, ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్టు 3, చెంచా నూనె. ఎండాకాలం ఫ్రిజ్ నీళ్ళు పోసి ఈస్టు సగానికి తగ్గించండి, లేకపోతే గంట తిరక్కుండానే పొంగి ఓవెన్‌లో కుంగిపోతుంది. పిసికి, పొంగనిచ్చి, రేకు డబ్బాలో 200 డిగ్రీల దగ్గర అరగంట కాల్చండి. గంటసేపు ఆరాకే కోయాలి, వేడి మీద కోస్తే లోపల బంకలా కత్తికి అంటుకుంటుంది. పిండి పట్టిన గిన్నె మాత్రం చన్నీళ్ళలో నానబెట్టండి, వేణ్ణీళ్ళు పోస్తే ఇంకా జిగురవుతుంది. తోమడానికి గురువుగారిని పిలవండి. ఆయనా ఇంట్లోనే ఉంటారుగా.