పాత గుడిని హాలు చేయాలంటే గోడలో ఉన్న నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి

క్రైస్తవ సంఘం పెరిగి పక్కనే పెద్ద చర్చి కట్టుకున్నాక, మిషనరీల కాలం నాటి పాత గుడికి తాళం పడటం కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ మామూలైపోయింది. ఆ తర్వాత సంఘ పెద్దల ముందుకి రెండు ప్రతిపాదనలు వస్తాయి. పడగొట్టి కాంప్లెక్స్ కడదామనేది ఒకటి, ఊరందరికీ పనికొచ్చే హాలు చేద్దామనేది రెండోది. రెండోదే సరైన దారి అని గట్టిగా నమ్ముతాను. కానీ హాలు పేరుతో జరుగుతున్న పని చూస్తే కడుపు రగిలిపోతుంది. సిమెంటు ప్లాస్టరింగ్, విట్రిఫైడ్ టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఏసీ. ఈ నాలుగూ కలిస్తే అదీ పడగొట్టడమే, కాస్త ఎక్కువ టైం పడుతుంది, అంతే తేడా.

డంగు సున్నంతో, అంటే గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నంతో, కట్టిన గోడ నేలలోని చెమ్మని పీల్చుకుంటుంది, ఎండకీ గాలికీ వదిలేస్తుంది. ఆ రాకపోకలు సాగినంత కాలం దానికి ఢోకా లేదు. పైన అరంగుళం సిమెంటు పూత వేశామంటే లోపలి నీటికి దారి మూసేసినట్టే. నీటితో పాటు పైకొచ్చిన లవణాలు పూత వెనక స్ఫటికాలు కడతాయి, పెరుగుతూ పెరుగుతూ ఇటుక ముఖాన్నే పెకలిస్తాయి. మోకాలెత్తున పెయింటు ఉబ్బి, గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలి, దాని వెనక ఇటుక ఎర్రటి పిండిలా చేతికొస్తుంది చూడండి, అది ఇదే. అప్పుడు మేస్త్రీని పిలుస్తారు. ఆయన మూడడుగుల మేర చెక్కేసి వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటు కొడతాడు. వచ్చే వానాకాలానికి చెమ్మ ఐదడుగులకి ఎక్కుతుంది.

నేల కథా అంతే. షాబాదు బండల సందుల్లోంచి ఆవిరైపోయే నీరు, వాటి మీద టైల్స్ పరిచేసరికి పక్కకి తిరిగి గోడెక్కుతుంది. బయట సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోయి ఆవరణ మట్టాన్ని లోపలి నేల కన్నా ఎత్తు చేసిన చోట్ల ఇక చెప్పేదేముంది.

అందుకని వరుస ఇలా ఉండాలి. ముందు ఆవరణ తవ్వి, బయటి మట్టం లోపలి నేల కన్నా కనీసం ఆరంగుళాలు కిందికి దించాలి. గోడ పక్కన సిమెంటు గచ్చు తీసేసి, కంకర నింపిన కాలువ వేసి, వాలు బయటికి పెట్టాలి. చూరు నీళ్ళు గోడకి దూరంగా పడేలా చూడాలి. ఆ తర్వాతే గోడ మీది సిమెంటు తీయాలి, అదీ ఉలీ సుత్తితో. బ్రేకర్ వద్దు. ఎక్కడైనా ఇటుక ముఖంతో సహా ఊడొస్తుంటే అక్కడికి ఆపేయాలి. తీశాక గోడని ఆరనివ్వాలి. నెలకి అంగుళం చొప్పున ఆరుతుందని మోటు లెక్క. 18 అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరడానికి తొమ్మిది నెలలు. కమిటీలు ఓపిక పట్టలేనిది ఇక్కడే. ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించేసి, తడి గోడకి పుట్టీ పూయిస్తారు.

సున్నం సంగతి. ఇటుకల్ని అతికించిన పాత సున్నపు అడుసులోంచి చిన్న ముక్క తీసి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోయి ఇసుక, సుర్ఖీ (ఇటుక పొడి) మిగులుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, జల్లించి తూస్తే పాత మేస్త్రీల పాళ్ళు చాలావరకు బయటపడతాయి. సాధారణంగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. చెమ్మ తగిలే చోట ఇసుకలో ఒక పాలు తగ్గించి సుర్ఖీ. సున్నాన్ని గుంతలో నీళ్ళ కింద కనీసం మూడు వారాలు మగ్గనివ్వాలి. సరిగా మగ్గని సున్నంలో ఉండలు గోడెక్కాక పగిలి, పూతలో చిన్న చిన్న గుంటలు పడతాయి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు మంచివే కానీ బెల్లం ఎక్కువైతే పూత గట్టిపడదు, బూజు పడుతుంది. మొదటి పూత 12 మిల్లీమీటర్లు, రెండోది 6. వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. మే ఎండలో వేస్తే పూత కట్టుబడక ముందే నీరు ఎగిరిపోయి పెచ్చులు లేస్తాయి.

పైకప్పుకి ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దే వద్దు. దానిపైన ఏ పెంకు పగిలిందో, ఏ వాసానికి చెద పట్టిందో కంటికి కనిపించదు. గాలి ఆడని చోట టేకైనా గోడలో కూరుకున్న కొస దగ్గర కుళ్ళిపోతుంది.

ఇక హాలు దేనికి? పెళ్ళి విందులకీ డీజేకీ ఇస్తే డబ్బు త్వరగా వస్తుంది, నిజమే. కానీ భవనం ఏ పనికి ఒప్పుకుంటుందో లెక్క వేసి చూడండి. 25 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు ఉన్న గుడిలో గాలి 2,000 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉంటే శబ్దం పూర్తిగా అణగడానికి ఐదు సెకన్ల దాకా పట్టొచ్చు. 200 మంది కూర్చుంటే రెండు సెకన్లకి దిగుతుంది. బృందగానానికీ, వేణువుకీ, వీణకీ అది అద్భుతంగా సరిపోతుంది. ఉపన్యాసం స్పష్టంగా వినపడాలంటే సెకను, సెకనున్నర లోపు ఉండాలి. దానికి వెనక గోడ వైపు దళసరి తెరలు వేసి, తీసేలా పెట్టుకుంటే చాలు. పెద్ద బాక్సులు పెట్టి సౌండ్ పెంచితే మాట ఇంకా అలుక్కుపోతుంది, కిటికీ అద్దాల పట్టు వదులవుతుంది. లండన్‌లో 1733లో పూర్తయిన సెయింట్ లూక్స్ చర్చి 1959లో మూతపడింది. దశాబ్దాల పాటు పైకప్పు కూడా లేకుండా శిథిలంగా ఉండి, 2003లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా సాధనకీ సంగీత బోధనకీ కేంద్రమైంది. భవనానికి తగిన పని దొరికింది.

ఇంగ్లండ్‌లోనే బోల్టన్ పట్టణంలో ఉన్న ఆల్ సోల్స్ చర్చి మనకి ఇంకా దగ్గరి పాఠం. 1986లో ఆరాధనలు ఆగిపోయాయి. చుట్టూ ఉండేది ఎక్కువగా దక్షిణాసియా మూలాలున్న ముస్లిం కుటుంబాలు, దాన్ని మళ్ళీ తెరిపించాలని పట్టుబట్టిందీ ఆ పేటవాళ్ళే. 2014 చివర్లో తెరిచారు. కావలసిన గదుల్ని పాత గోడలకి ఆనకుండా లోపల విడిగా నిలబెట్టారు. రేపు వద్దనుకుంటే తీసేయొచ్చు. మనమూ ఈ ఒక్క నియమం పెట్టుకోవాలి. వైరింగ్ గోడ చెక్కి పూడ్చకుండా, కనపడే పైపుల్లో, అడుసు సందుల్లో మాత్రమే క్లాంపులు కొట్టి తీసుకెళ్ళాలి. మరుగుదొడ్లూ వంటశాలా బయట, పునాదికి దూరంగా కట్టాలి. లోపలికి తెరుచుకునే పెద్ద తలుపుల్ని కార్యక్రమం జరుగుతున్నంత సేపూ కొక్కెం వేసి తెరిచే ఉంచాలి. గాయకుల కోసం కట్టిన చెక్క గ్యాలరీ మీదికి వీడియో వాళ్ళ గుంపుని ఎక్కనివ్వకూడదు. గోడల మీది స్మారక ఫలకాలూ ఆవరణలోని సమాధులూ ఉన్నచోటే ఉండాలి, వాటి పక్కన పార్కింగ్ గీతలు గీయకూడదు.

ఇదంతా మొదలయ్యే ముందు ఆస్తి ఎవరి పేరున ఉందో చూసుకోండి. చాలాచోట్ల స్థలం ట్రస్టు పేరున ఉంటుంది, స్థానిక కమిటీ తీర్మానం ఒక్కటే చాలదు. బిషప్ అనుమతీ, ఇక అక్కడ ఆరాధన జరగదని చెప్పే ప్రార్థనా రెండూ అయ్యాకే టికెట్ కార్యక్రమాలు పెట్టాలి. లేకపోతే ఆ గుడిలో బాప్తిస్మం తీసుకున్న పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, వాళ్ళు నొచ్చుకోవడంలో న్యాయం ఉంది.

బుకింగ్ ఫారంలో కుర్చీల సంఖ్య, గోడకి మేకు కొట్టరాదనే షరతు, సౌండ్ పరిమితి రాసి సంతకం తీసుకోండి. వచ్చే అద్దెలో ఐదో వంతు విడిగా మరమ్మతు ఖాతాలో వేయండి. ఏటా మే నెలలో చూరు కాలువలు తీయించడానికీ, పగిలిన పెంకులు మార్చడానికీ ఆ ఖాతా నుంచే కూలి ఇవ్వండి.