కంపెనీల హామీని నమ్మి పిల్లలను వదిలేయలేం

ఈ-సిగరెట్లను నిషేధించనక్కర్లేదని, ఏ రుచిని ఎవరికి అమ్మాలో కంపెనీలే నియమాలు పెట్టుకుంటే చాలునని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. తిరుపతిలో ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెప్పే నేను ఈ వాదనను ఏ మాత్రం అంగీకరించలేను.

ఇటీవల ఒక విద్యార్థి పెన్నుల పౌచ్‌లో దొరికిన ఈ-సిగరెట్ అచ్చం హైలైటర్‌లాగే ఉంది. నిప్పు లేదు, బూడిద లేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడి తాండ్ర వాసన. మొదటిసారి సిగరెట్ పీల్చినవాడికి గొంతు మండి దగ్గు వస్తుంది, చాలామంది ఆ మంటతోనే ఆగిపోతారు. ఈ-సిగరెట్‌లో నికోటిన్‌ను లవణ రూపంలోకి మారిస్తే ఆ ఘాటు తగ్గుతుంది, దానికి పండ్ల రుచి తోడైతే మిగిలిన వెగటు కూడా పోతుంది. కొత్తవారిని తెచ్చిపెట్టేదే ఆ రుచి అయినప్పుడు, దాన్ని తనంతట తాను వదులుకొమ్మని వ్యాపారిని అడిగి ప్రయోజనం ఏముంటుంది?

అమెరికాలో అదే జరిగింది. అక్కడ ఈ-సిగరెట్ వాడే హైస్కూలు విద్యార్థులు 2017లో 11.7 శాతం ఉండగా, 2018కి 20.8 శాతమయ్యారు. ఆ సెప్టెంబరులో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఐదు ఈ-సిగరెట్ బ్రాండ్ల తయారీదారులకు 60 రోజుల గడువిచ్చి, పిల్లల చేతికి పోకుండా ఏం చేస్తారో చెప్పమంది. నవంబరులో, వారిలో ఒకటైన జూల్ సంస్థ మామిడి, దోసకాయ వంటి రుచులను దుకాణాలకు ఇవ్వబోమని ప్రకటించి, పుదీనాను మాత్రం అలాగే ఉంచింది. మరుసటి ఏడాది హైస్కూలు విద్యార్థుల్లో వాడకం 27.5 శాతానికి పెరిగింది. పుదీనాను ఆపింది ఆ తర్వాతే. ఇంకా బాధ కలిగించేది సిగరెట్ల కంపెనీ ఆల్ట్రియా తీరు: పిల్లల వాడకం గురించి ఆందోళనగా ఉందంటూ 2018 అక్టోబరులో తన పాడ్‌లను, అంటే ద్రవం నింపిన ఈ-సిగరెట్ గుళికలను, వెనక్కి తీసుకుంటానన్న ఆ సంస్థే, డిసెంబరులో 12.8 బిలియన్ డాలర్లు పెట్టి జూల్‌లో 35 శాతం వాటా కొన్నది. 2020లో ప్రభుత్వం ఇలాంటి గుళికల (కార్ట్రిడ్జ్) రుచులపై కఠినంగా వ్యవహరించి, వాడి పారేసే (డిస్పోజబుల్) ఈ-సిగరెట్లను వదిలేసింది, దాంతో పఫ్ బార్ వంటివి ఆ చోటును ఆక్రమించాయి. సర్కారు నియమంలో ఒక్క సందు ఉంటేనే సరుకు ఇలా దూరిపోతే, కంపెనీ రాసుకున్న నియమం ఎంతసేపు నిలుస్తుంది?

మన దేశంలో 2019 నాటి చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నింటినీ నిషేధించింది. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయినా సరుకు పిల్లల దాకా వస్తున్నదంటే చట్టం తప్పని కాదు, తనిఖీ చాలడం లేదని అర్థం. తిరుమల కొండపైకి బీడీలు, సిగరెట్లు తీసుకుపోకూడదన్న నియమాన్ని భక్తుల మాట మీద వదిలేయకుండా అలిపిరి దగ్గర సంచులు విప్పి చూస్తున్నారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి నుంచి పోలీసు అధికారులకు సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారాన్ని ఈ చట్టమే ఇచ్చింది. కళాశాలల యాజమాన్యాలు పరికరం దొరికిన పిల్లవాడిని మందలించి, పరువు పోతుందని విషయాన్ని అక్కడితో తొక్కిపెట్టకుండా, దాన్ని ఎవరు అమ్మారో కనుక్కుని పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పిల్లవాడి పేరు బయటపెట్టాల్సిన పని లేదు, అమ్మినవాడి ఆచూకీ ఇస్తే చాలు.