కాగితం ఊళ్లో తలల లెక్క

సిర్పూర్ కాగజ్‌నగర్‌లో ఏ జాతివాళ్లు, ఏ మతంవాళ్లు ఉన్నారో తేల్చడం బహు సులువు. మనుషుల జోలికి పోకుండా కాగితాలు చూస్తే సరి. ఊరి పేరే కాగితం కదా!

1938లో నిజాం ఏలుబడిలో పుట్టిన పేపర్ మిల్లుకు తెలిసిన విద్య ఒకటే. గట్టిదనానికి పొడుగు నార ఉన్న వెదురు, నునుపుకు పొట్టి నార ఉన్న జామాయిలు, రెండూ కలిసి ఒకటే గుజ్జు. జనగణనలో ఈ కల్తీ కుదరదు. 2014లో మిల్లు మూతపడి 2018 దాకా తెరుచుకోలేదు. ఫారాలు మాత్రం ఆగలేదు.

ముందు మతం గడి. 2011 ఫారంలో హిందువుకు 1, ముస్లింకు 2, క్రైస్తవుడికి 3, సిక్కుకు 4, బౌద్ధుడికి 5, జైనుడికి 6. పెర్సాపేన్‌ను దేవుడిగా కొలిచే గోండు పెద్దకు అంకె లేదు, మతం పేరు పూర్తిగా రాయాలి. లెక్క రాసే టీచరుగారికి నెత్తిన ఎండ, ఇంకా పాతిక ఇళ్లు మిగిలి ఉన్నాయి. 1 అయితే ఒక్క గీతతో పోతుంది. శాస్త్రీయంగా చెప్పాలంటే, ఒక దేవుడి ఉనికి టీచరుగారి ఓపిక మీద ఆధారపడి ఉంది.

గోడ మీద యేసు పటం ఉన్న ఇంట్లో "హిందువులమే సార్" అంటే తలెత్తకుండా 1 వేయండి. మహర్ కులంవాడు బౌద్ధుడైతే 1990 నుంచి ఎస్సీయే, క్రైస్తవుడైతే కాదు. ఆ లెక్క ఆ ఇంటివాళ్లకు మీకంటే బాగా తెలుసు.

మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాష. లంబాడీ అని చెబితే లంబాడీ అనే రాస్తారు, తర్వాత పట్టికలో హిందీ కింద చేరుస్తారు. 2011లో 32 లక్షల మందికి పైగా ఇలాగే హిందీవాళ్లయ్యారు. ఈ శుభవార్త తండాలో ముసలమ్మకు హిందీలోనే చెప్పి చూడండి.

ఇక కులం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి నజ్రుల్‌నగర్ వైపు స్థిరపడిన నామశూద్రుడు బెంగాల్ జాబితాలో ఎస్సీ, మన జాబితాలో కాడు. లంబాడీది ఇంకో తమాషా. తెలంగాణలో 1976 నుంచి ఎస్టీ. బల్లార్షా బండెక్కి మాకుడి దాటి మహారాష్ట్రలోకి పోతే అదే మనిషి ఎస్టీ కాడు, విముక్త జాతి. సామాను జాగ్రత్త అని బోగీలో రాసి ఉంటుంది గానీ, కులం జాగ్రత్త అని ఎక్కడా రాయలేదు.